ఉద్యాపన లేని చెలమగౌరి నోము

నోము పట్టినవారందరును కాళ్లు కడుగుకొని వచ్చి కూర్చుండుడు. అక్షతలు కుడిచేత పట్టుకొనుడు. కథ నడుమ లేవరాదు. ఆవులింత వచ్చినచో చేయి అడ్డము పెట్టుకొనుడు, తప్పు లేదు. పగలెల్ల ఇసుక మోసి వచ్చినవారికి ఆవులింత రాక మరేమి వచ్చును? చెప్పువానికిని నడుము నొచ్చుచునే యున్నది. అయినను చెప్పవలెను, వినవలెను.

పూర్వము గోదావరీ తీరమునుండి శాలిదత్తుడను ముని కాలినడకన బయలుదేరి, ఎండలు మండిపోవు కాలమున రాళ్లసీమలోని శుష్కపర్ణ మహర్షి ఆశ్రమమునకు వచ్చెను. ఆశ్రమమనగా ఏమున్నది? ఒక బండ, ఆ బండ నీడ, ఆ నీడలో ఒక ముంత. శాలిదత్తుడు అలవాటుకొద్దీ ముంత ఎత్తి కాళ్లమీద పోసికొనబోగా మహర్షి చేయి పట్టుకొని ఆపి, ఈ నీరు కాళ్లకు కాదు నాయనా, గొంతుకు అని చెప్పెను. శాలిదత్తుడు సిగ్గుపడి, నీరు త్రాగి, చేతులు జోడించి ఇట్లడిగెను. మహాత్మా, మా సీమలో నీరెక్కువై గట్లు తెగును. ఇచ్చట ఏటిలో ఇసుక తప్ప ఏమియు కానరాదు. అయినను ఆ ఏటి ఒడ్డుననే పచ్చని పైరును కన్నులారా చూచితిని. ఈ జనులు ఏ దేవతను కొలిచిరి, ఏ నోము నోచిరి, సెలవిండని వేడుకొనెను.

శుష్కపర్ణుడు నిట్టూర్చెను. "అడుగకున్న బాగుండెడిది నాయనా. అడిగితివి గనుక చెప్పక తప్పదు. ఇది చెలమగౌరి నోము. దీనిని విని మురిసిపోవువారు లేరు. విని లేచి పార వెదకుకొనువారు మాత్రము కొందరు కలరు" అని కథ మొదలుపెట్టెను.

వట్టేరను ఏటి ఒడ్డున చౌడుపల్లె అను ఊరు కలదు. ఏటిలో సంవత్సరమునకు ఒకమారు వరద వచ్చును, వచ్చినంత వేగముగా పోవును. మిగిలినకాలమంతయు ఇసుకయే. కాని ఆ ఇసుక అడుగున నీరు కంటికి కానరాక నడచుచుండును. అది కనిపెట్టిన పెద్దలు ఏటి నడుమనుండి వాలు చూచుకొని ఇసుకలో పొడవుగా కాలువ తవ్విరి. ఇరుప్రక్కలనుండి ఊట దిగి కాలువలో చేరి, దానంతట అదే పారి, ఒడ్డెక్కి మడులలోనికి పోవును. దానినే ఊటకాలువ అందురు. ఏతము వలదు, ఎద్దులు వలదు. కావలసినవి మనుష్యుల చేతులు. ఏలయనగా మరుసటి వరద వచ్చి ఆ కాలువను చక్కగా పూడ్చిపోవును. ఏరు ఇసుక తెచ్చును, ఊరు ఇసుక తీయును. తాతలనాడును ఇంతే, మనుమలనాడును ఇంతే.

నోము విధానమేమనగా, వరద తీసిన పిమ్మట వచ్చు శుక్రవారమున ఊరి ఆడువారందరు ఏటిలోనికి దిగి, చేతులతో ఇసుక తోడి చెలమ తీయవలెను. చెలమలో ఊరిన నీటితో ఇసుక తడిపి గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, ఉలవ గుగ్గిళ్లు నివేదించి, పిమ్మట ఇంటికొకరు చొప్పున పార పట్టి కాలువ తీయవలెను. తొలినీరు ఏటికి దగ్గరనున్న తలమడికి పోరాదు. చిట్టచివరనున్న కొసమడికి పోవలెను. తలమడి ఇల్లాలు ఆ నీటి వెంట తానే నడచి, నడుమ ఎవరును గండి కొట్టకుండ చూచుకొని, కొసమడిలో దిగవిడిచి రావలెను. ఇంతే నోము. వినుటకు చిన్నది.

ఆ ఊరిలో తలమడి గలవాడు చిక్కన్న. అతడు మాటలలో గట్టివాడు, నడుములో మెత్తనివాడు. అతని భార్య హనుమక్క. కాపురమునకు వచ్చిన ఏడే అత్తగారు ఆమె చేతిలో పార పెట్టి, తొలిపార తలమడివారిదే సుమా, నీవు వేయనిదే ఎవరును వేయరు అని చెప్పి ఒడ్డున కూలబడెను. ఆ అత్తగారు మరల పార ముట్టలేదు. నాటినుండి హనుమక్క తవ్వుచునే యుండెను. కడుపుతో నున్నపుడు తవ్వెను, చంటిబిడ్డను ఒడ్డున ఉయ్యాలలో వేసి తవ్వెను. ఆ బిడ్డ పెరిగి అత్తవారింటికి పోయెను, హనుమక్క తవ్వుచునే యుండెను.

కొసమడి మారెక్కది. ఆమె మగడు ఓబులేసు మాటలాడుట తక్కువ, అతని వంతు కూడ మారెక్కయే మాటలాడును. కొసమడివారికి నీరు వచ్చెనా వచ్చెను, రాకున్న లేదు. అందుచేత మారెక్క అందరికన్న ముందు ఏటికి వచ్చి, అందరికన్న చివర ఇంటికి పోవుచుండెను. "తలమడోళ్లు తవ్వేది పుణ్యానికి వొదినా, మేం తవ్వేది బువ్వకు" అని నవ్వుచుండెను. ఆ నవ్వు హనుమక్కకు ఒక్కొక్కసారి నచ్చును, ఒక్కొక్కసారి గుచ్చుకొనును.

ఇట్లుండగా ఒక ఏడు వరద పెద్దది వచ్చి, కాలువ గుర్తు కూడ లేకుండ ఇసుక మేట వేసెను. హనుమక్క ఒడ్డున నిలిచి చూచెను. కుడిభుజము నొప్పి అప్పటికే చేయి పైకెత్తనీయకుండెను. ఆమెకు ఏడుపు రాలేదు, కోపము రాలేదు. కాళ్లు మాత్రము ఏటిలోనికి దిగమని మొరాయించెను. ఎన్నినాళ్లు ఈ ఇసుక? తీసినది తీసినట్లు ఉండునా? వండినది తిందుము, నేసినది కట్టుకొందుము. తవ్వినది ఏమైనది? అని తనలో తాననుకొనెను.

ఆ వారమున పురోహితుడు నృసింహావధాని పంచాంగము చంకబెట్టుకొని వారింటికి వచ్చెను. హనుమక్క ఆయనకు పీట వేసి, "సామీ, అన్ని నోములకూ ఉద్యాపన ఉంటాది కదా. ఇన్నేండ్లు పట్టినాను. దీనికి మాత్రం తీరేది లేదా?" అని అడిగెను. అవధానిగారికి ఇసుక తెలియదు, ఉద్యాపన తెలియును. అదియునుగాక వంటింటినుండి నేతివాసన వచ్చుచుండెను. నోమన్న తరువాత ఉద్యాపన లేకుండునా అమ్మా, శాస్త్రము ఊరకుండునా అని ఆయన సెలవిచ్చెను.

ఇంకేమున్నది! హనుమక్క ఇత్తడి గౌరమ్మను చేయించి పీటమీద నిలిపెను. ముత్తయిదువలను పిలిచి, కాళ్లకు పసుపు రాసి, రవికగుడ్డలు పెట్టి, పూర్ణము పెట్టిన ఓళిగలతో భోజనము పెట్టెను. ఇసుక మాత్రము గడప లోపలికి రానీయలేదు. వచ్చినవారిలో మారెక్కయు నుండెను. ఆమె కడుపునిండ తిని, చేయి కడుగుకొని, "ఓళిగలు బాగుండాయి వొదినా. నెయ్యి కూడా బాగా పోసినావు. అది సరే గానీ, రేపు కాలవకాడ తొలిపార ఎవురేసేది?" అని అడిగెను.

"నా నోము తీరిపోయింది మారెక్కా. ఉద్యాపనైనంక మళ్లా పట్టకూడదంట. సామి చెప్పినాడు."

సామి ఆ మాట చెప్పలేదు. హనుమక్కకును తెలియును. కాని నోటివెంట వచ్చినది గదా, ఇక వెనుకకు తీసికొనుట ఎట్లు? మారెక్క ఆమె మొగమువంక చూచి, తాంబూలము పుచ్చుకొని వెడలిపోయెను. ఏరు దాటినవాడు తెప్ప తగలవేసెనన్న కొంత అర్థమున్నది. హనుమక్క నడియేట నుండియే తగలవేసెను.

తొలిపార పడలేదు. తలమడివారే రానపుడు మనకేల అని నడిమి మడులవారు అరకొరగా వచ్చిరి, పొద్దెక్కకముందే పోయిరి. చెలమ తీయలేదు, గౌరమ్మను చేయలేదు. కాలువ మోకాలిలోతు తవ్వి సరిపుచ్చిరి. ఇసుక పూడెను, ఊట తగ్గెను, నీరు నడిమిదాక పోయి నిలిచెను. కొసమడిలో రాగి పైరు వెన్ను తీయు సమయమునకు నెర్రెలు విచ్చెను.

అప్పుడు మారెక్క హనుమక్క గడపకు వచ్చి నిలిచెను. ఎన్నడును అడిగినది కాదు. "ఒక్క తడి ఇడిపించు వొదినా. వెన్ను మీదుండాది పైరు. ఒక్క తడి పడితే గింజ పట్టుకుంటాది" అనెను. నీటి వంతుల మాట మగవారిదని, తనకు అందులో జోక్యము లేదని హనుమక్క చెప్పెను. చెప్పి లోపలికి పోయి, పొయ్యి రాజవేయుటకు ఏమియు లేకున్నను పొయ్యి ముందు కూర్చుండెను. ఆమెకు సిగ్గు వేసెను. సిగ్గుకన్న అలసట పెద్దదై యుండెను. కొంతసేపటికి తొంగిచూడగా గడపలో ఎవరును లేరు.

ఓబులేసును మారెక్కయు తట్టాబుట్ట సర్దుకొని వలసపోయిరి. పోవునపుడు ఎవరికిని చెప్పలేదు. చెప్పిన ఆపువారెవరు?

మరుసటి ఏడు వరద వచ్చెను, ఇసుక తెచ్చెను. కొసమడివారు లేరు గనుక ఇప్పుడు నడిమి మడులే కొస. నోము లేదు, తొలిపార లేదు, ఉన్న చేతులును తగ్గెను. ఇసుక పూడెను, ఊట తగ్గెను, నీరు తలమడిదాక పోయి నిలిచెను. నడిమి మడులవారు చిక్కన్నతో జగడమాడిరి, బూతులాడుకొనిరి. పిమ్మట వారును ఒక్కొక్క ఇల్లే తలుపునకు తాళము వేసి పోయిరి. చిక్కన్న మాత్రము, పోనీయవే, పంచుకొనువారు తగ్గినచో మనకు నీరెక్కువ అని భార్యతో చెప్పెను. తెలివితేటలనగా ఇవియే!

మూడవ ఏడు వరద వచ్చెను, ఇసుక తెచ్చెను. ఇప్పుడు తలయును తానే, కొసయును తానే. చిక్కన్న కాలువ ప్రక్కన ఏటి అంచున తన కొరకు లోతుగా బావి త్రవ్వించెను. నీరు తీయగా పడెను. ఆ ఏడు చేను పచ్చగా నుండెను, చిక్కన్న మీసము దువ్వుకొనెను. కాని బావి ఎవరి నీరు త్రాగినది? కాలువకు దిగవలసిన ఊటనే త్రాగినది. కాలువను తీయువారు లేక పైనుండి ఇసుక మేట గట్టిపడెను. మరుసటి ఎండకాలమునకు కాలువ ఎండెను, ఆ పిమ్మట బావియు ఎండెను. చిక్కన్న బావిలోనికి తొంగిచూచి, "ఏమే, దీంట్లో నీళ్లేమైపోయినాయే?" అని భార్యను అడిగెను. గొడ్లను చుట్టముల ఊరికి తోలిరి. గాదె అడుగు కనబడెను. ఇక మిగిలినది తమ తలుపునకు తాళము వేయుటయే. వానలు కురిసి మడి పదునుకు రాకున్న తామును వలసపోవుటయేనని చిక్కన్న చెప్పెను.

హనుమక్కకు ఆ మాట గుండెలో పడెను. ఇరుగుపొరుగువారి తాళములు చూచినపుడు కలుగని భయము తన తలుపును చూచినపుడు కలిగెను. ఎవరికైనను అంతే లెండు. ఆమె మూలనున్న పార తీసికొని ఏటికి పోయెను. ఒక్కతెయే కాలువ తవ్వ మొదలుపెట్టెను. ఇసుక తవ్వినవారికి తెలియును, ఒక్కరు తవ్విన గుంత నిలువదు. ఒకరు తవ్వవలెను, ఒకరు ఎత్తవలెను, ఒకరు దూరముగా పోయవలెను. ఆమె ఒక తట్ట తీసినచో రెండు తట్టల ఇసుక జారెను. పొద్దు తలమీదికి వచ్చుసరికి మొదలుపెట్టినచోటనే యుండెను. పార పారవేసి, ఇసుకలో చదికిలబడి, చిన్నపిల్లవలె బిగ్గరగా ఏడ్చెను.

ఏడ్చి ఏడ్చి గొంతు ఆరిపోగా చేతులతో చెలమ తీసెను. మోచేతిలోతున దోసెడు నీరు ఊరెను. త్రాగబోవుచుండగా ఎదుట ఒక ముసలవ్వ కూర్చుండి యుండెను. ఎటునుండి వచ్చినదో తెలియదు. వెండ్రుకలనిండ తడి ఇసుక, చీరనిండ ఇసుక. "గొంతు తడారిపోతాంది, రోన్ని నీళ్లియ్యి తల్లీ" అని అవ్వ అడిగెను. హనుమక్క ఆ దోసెడు నీరును అవ్వ చేతిలో పోసెను. అది పుణ్యము తెలిసి చేసినది కాదు. కాదనుటకు ఓపిక లేక ఇచ్చినది. అవ్వ తాగి, మూతి తుడుచుకొని, కాళ్లు చాచుకొనెను.

"ఉద్యాపన చేసినావంట."

"చేసినానవ్వా."

"నాకూ ఎవురైనా చేస్తారేమో కనుక్కో. నేనూ ఏటా అడుగునుంచి ఇసకను తోసుకోని పైకి రావాల్సిందే. నడుములు పడిపోతాండాయి."

హనుమక్క, ఈమె చెలమగౌరియేనని తెలిసి కాళ్లపై బడెను. తప్పు కాయుమని, నీరిమ్మని, ఈసారి ఇత్తడి కాదు, బంగారు బొమ్మయే చేయింతునని మొక్కుకొనెను. గౌరమ్మ విసుగుకొని, ఆ ఇత్తడి బొమ్మయే నెత్తిమీద బరువుగా నున్నదనియు, తనకు తడి ఇసుకయే చాలుననియు చెప్పెను. మరల ఇట్లనెను. "నీళ్లు నాకాడ ఉండాయి. ఎప్పుడూ ఉండాయి. చేతులు నాకాడ లేవు. మీకాడ ఉన్నెవి, మీరే తరిమేస్తిరి. పోయి తెచ్చుకో."

"తెస్తాను తల్లీ. ఇంగెంతకాలం తవ్వాల?"

"ఇసక వచ్చినంతకాలం."

"మరి అలుపో?"

ఆ మాటకు గౌరమ్మ కొంగు నోటికి అడ్డము పెట్టుకొని ఆవులించెను. హనుమక్క కన్ను మూసి తెరచునంతలో అవ్వ లేదు. చెలమలో మరొక దోసెడు నీరు ఊరి యుండెను.

హనుమక్క మగనికి చెప్పి, సంగటిముద్ద మూటగట్టుకొని బయలుదేరెను. అడిగినవారి నడుగుచు, నడచినచోట నడచుచు, శాలిదత్తా, నీ సీమకే వచ్చెను. చూచిన వైపెల్ల నీరు. కాలువనిండ నీరు, బాటప్రక్కన నీరు, గేదెలు మునిగి కన్నులు మూసుకొనునంత నీరు. అంత నీటిని చూచి ఆమెకు సంతోషము కలుగలేదు, కడుపు మండెను. ఆ నీటిలో, పరుల మడిలో, వరుసకట్టి నాట్లువేయుచున్న ఆడువారి నడుమ మారెక్క కనబడెను. మోకాలిలోతు బురదలో వంగి యుండెను. ఎండిన నేలమీద తిరిగిన కాళ్లు తడికి నాని, వ్రేళ్ల సందులు పుండ్లై యుండెను.

మారెక్క తలయెత్తి చూచెను. నడుము నిలువబెట్టి, "ఏం వొదినా, ఈడ కూడా ఎవురో ఉద్యాపన చేస్తాండారని, ఓళిగలు తినిపోదామని వచ్చినావా?" అని అడిగెను. తోడివారు నవ్విరి. హనుమక్క చీర ఎగదోపి, మడిలోనికి దిగి, ఆమె ప్రక్కన నిలిచి నారుకట్ట అందుకొనెను. ఇరువురును నాటుచు గట్టుదాక వచ్చిరి. గట్టు చేరిన తరువాత మారెక్క కోపము గట్టు తెగెను.

"మా పైరు ఎండతా ఉంటే పొయ్యికాడ కూచుంటివి. నేను సూడలేదనుకున్నావా? పొయ్యిలో నిప్పు కూడా లేదు. నిప్పు లేని పొయ్యి ముందర కూచోని నాకు మొకం తప్పించినావు. ఇప్పుడు మీ మడి ఎండిందని వచ్చినావు. అవునా కాదా?"

"అవును" అని హనుమక్క చెప్పెను. "నాకు అలుపొచ్చింది మారెక్కా. ఆ పొద్దు అలుపొచ్చిందని చెప్పలేకపోయినా. తలమడిదాన్ని, అలుపొచ్చిందంటే నవ్వుతారని, తీరిపోయింది అంటి" అనెను.

మారెక్క చేతనున్న నారుకట్టను గట్టుమీద పెట్టెను. "నాకు రాదా అలుపు? సూడు ఈ కాళ్లు" అనెను. హనుమక్క చూచెను. చూచి, కూర్చుండి, ఆ కాళ్లను తన ఒడిలో పెట్టుకొని కొంగుతో బురద తుడిచెను. మారెక్క కాలు లాగుకొనబోయి, లాగుకొనలేక, మొగము ప్రక్కకు త్రిప్పుకొని ఏడ్చెను. ఏడ్చుచునే తిట్టెను. తిట్టుచునే, "అలుపొచ్చిందని ఒక్క మాట అనింటే నీ పార గూడా నేనే వేసిందును కదే పాపిష్టిదానా" అనెను.

పట్టిన నాట్లు ముగియువరకు హనుమక్క అచ్చటనే యుండి ఆమె ప్రక్కన నాట్లు వేసెను. పిమ్మట ఇరువురును కలిసి, నడిమి మడులవారు ఎక్కడెక్కడ రాళ్లు కొట్టుచుండిరో, ఎక్కడెక్కడ ఇటుకలు మోయుచుండిరో వెదకి, పిలిచిరి. కొందరు వచ్చిరి. కొందరు రాలేదు. రానివారిని ఏమనవలెను? రాలేకపోయిరి.

వరద తీసిన శుక్రవారమున చెలమ తీసిరి. తడి ఇసుకతో గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, గుగ్గిళ్లు నివేదించిరి. హనుమక్క తొలిపార వేసెను, మలిపార మారెక్క వేసెను. ఒకరు తవ్విరి, ఒకరు ఎత్తిరి, ఒకరు దూరముగా పోసిరి. అలసినవారు అలసితిమని చెప్పి ఒడ్డెక్కి కూర్చుండిరి, ప్రక్కనున్నవారు పార అందుకొనిరి. చిక్కన్న కూడ నడుము పట్టుకొని మూలుగుచు తట్టలు మోసెను. బావిని పూడ్చుమని ఎవరును చెప్పకముందే తానే ఇసుక పోసి పూడ్చెను. అతనికి ఆపాటి తెలివి వచ్చుటకు అన్ని ఏండ్లు పట్టెను. కొన్ని పొద్దులు గడచిన పిమ్మట కాలువ అడుగు తడి తేలెను, ఊట దిగెను, నీరు చిన్న పాయయై కదలెను.

హనుమక్క ఆ నీటి వెంట నడచెను. ఏండ్ల తరబడి ఎండిన కాలువ నీటిని త్రాగుచుండెను. బారెడు పారుటకు ఎంత పొద్దు పట్టెనో చెప్పలేము. తలమడి దగ్గరకు వచ్చుసరికి, మొన్నటి వానకు ఆశపడి చిక్కన్న చల్లిన రాగి మొలకలు తల వ్రేలాడవేసి యుండెను. చిక్కన్న పారతో గట్టుమీద నిలిచి, "ఒక్క పాయ తిప్పనీ హనుమీ. ఈ పొద్దుకు మొలక సచ్చిపోతాది. కొసమడిలో ఏముండాది ఇప్పుడు, వట్టి నేలే కదా" అని బతిమాలెను.

అతడు చెప్పినది నిజమే. కొసమడిలో మొలక కూడ లేదు. హనుమక్క తన మొలకలను చూచెను. కండ్ల నీరు తిరిగెను. ఈ ఏడు ఇవి పోయినచో మరల గాదె అడుగే. అయినను గండికి అడ్డముగా నిలిచి, "పోనీ. నీళ్లు ముందుకు పోనీ" అనెను. చిక్కన్న పార దించెను.

నీరు నడిమి మడులు దాటెను. పొద్దు వాలుచుండగా కొసమడి గట్టు చేరెను. ఇంకను కొంచెము దూరమున్నది. హనుమక్క, నీరు వచ్చుదాక కూర్చుందునని గట్టుమీద కూర్చుండెను. కూర్చున్నది ఒరిగెను. ఒరిగినది నిద్రపోయెను. అది మామూలు నిద్ర కాదు. కాపురమునకు వచ్చిన నాటినుండి కూడబెట్టిన నిద్ర. నీరు ఆమె కాలిమడమ తాకి పోయినను కదలలేదు.

మారెక్క వచ్చి గండి తీసెను. నేల బుసబుసమని పీల్చుచుండగా మడి నల్లబడెను. ఓబులేసు ఆ నేలలో కూర్చుండి, నోరు లేనివాడు, రెండు చేతులతో బురద ఎత్తి మొగమునకు పూసికొనెను. అంతలో చిక్కన్న వచ్చి, తలమడికి నీరు మళ్లించవలెనని, భార్యను లేపబోయెను. మారెక్క అతని చేయి పట్టుకొని, "పండుకోనీన్నా. దాన్ని లేపితే ఊరుకోను. దాని పని నాది ఈ పొద్దు" అని చెప్పి, పార భుజమున వేసికొని తానే ఎగువకు నడచెను. కాలువ వెంట పోయి తలమడి గండి తీసి, ఆ వాలిన మొలకల నడుమ నీరు తిరుగునంతవరకు నిలిచి, మూలమూలకు చేతితో నీరు తోసి తడిపెను. కొన్ని మొలకలు చచ్చెను. పెక్కు బ్రతికెను.

హనుమక్క మేలుకొనుసరికి తెల్లవారి యుండెను. ఎవరో తనపైన దుప్పటి కప్పి యుండిరి. ఆమె అదరిపడి లేచి, నా వంతు, నా మడి అని పరుగు తీయబోవగా, ఎదురుగా మారెక్క సంగటిముద్ద పట్టుకొని వచ్చుచుండెను. "తడిసింది పోవే, కూచో. తిను. ఈ ఏడు తవ్వింది చాలు, మిగిలింది మేం తవ్వుతాం. వచ్చే ఏడు నాకు అలుపొస్తాది, అప్పుడు నువ్వు తవ్వుదువు" అనెను. హనుమక్క కూర్చుండి తినెను. అంత రుచిగల ముద్ద ఆమె పుట్టి పెరిగి తినలేదు.

శుష్కపర్ణుడు కథ ముగించెను. శాలిదత్తుడు ఉండబట్టలేక, ఆ పిమ్మట ఆమెకు ఉద్యాపన సిద్ధించెనా అని అడిగెను. లేదు నాయనా, మరుసటి ఏడు వరద వచ్చెను, ఇసుక తెచ్చెను అని మహర్షి చెప్పి, ఆ బండ నీడలోనే ప్రక్కకు తిరిగి పడుకొనెను.

ఇక ఈ నోము ఎవరెవరు పట్టవలెననగా, తలమడి గలవారు మొట్టమొదట పట్టవలెను. నీరు తమ గడపలోనే పుట్టినదని వారు అనుకొందురు గనుక. నడిమి మడులవారు పట్టవలెను. కొసమడివారికి చెప్పనక్కరలేదు, వారు పుట్టుకతోనే పట్టి యుందురు. పొరుగువాని బావికి ఆనించి బోరు దింపినవారు రెండింతల శ్రద్ధతో పట్టవలెను. వంగి వంగి నడుము పడిపోయినవారు, పడిపోయినదని చెప్పుకొనుటకు మొగమాటపడువారు తప్పక పట్టవలెను. ముత్తయిదువలు, విధవలు, మగవారు, ఎవరైనను పట్టవచ్చును. పార పట్టగల చేయి చాలును.

ఫలమేమనగా, మేడలు కట్టుదురని, బంగారు పళ్లెములలో తిందురని చెప్పుటకు నాకు నోరు రాదు. గాదె నిండదు, అడుగును కనబడదు. వలసపోయినవారిలో కొందరు తిరిగివత్తురు. ఊరిలో తాళములు కొన్ని తగ్గును. ఒకరి మొగము ఒకరు తప్పించుకొని తిరుగవలసిన పని యుండదు. అలసినవానికి నిద్ర పట్టును, వాడు నిద్రించునపుడు వాని మడికి నీరు పెట్టువారు ఉందురు. ఇంతకుమించి గౌరమ్మ ఇచ్చుననువాడు ఇసుక తవ్వనివాడు.

కథ అయినది. ప్రసాదము మాత్రము ఇప్పుడే నోట వేసికొనరాదు. మన తలమడి కోడలు పొద్దుననగా నీటి వెంట పోయినది, ఇంకను రాలేదు. కొసమడి తడిసినదని ఆమె వచ్చి చెప్పిన తరువాతనే తినవలెను. ఆకలి వేయుచున్నదా? అక్కడ గట్టుమీద కాచుకొనియున్నవారికిని వేయుచునే యుండును. కూర్చుండుడు.